‘అండి’ దగ్గర ఆగిపోయిన రాజీ: ఒక గట్టు తగాదా కేస్ స్టడీ

నేను సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే లాయర్‌ని. కోర్టు ఆవరణలోనే ఉన్న మధ్యవర్తిత్వ కేంద్రంలో మీడియేటర్‌గా కూడా కూర్చుంటాను. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 89వ సెక్షన్ 2002లో అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి, రాజీకి వీలుందని జడ్జిగారికి అనిపించిన కేసులు మా బల్ల మీదికి వస్తున్నాయి. మేం తీర్పు చెప్పం. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాం, అవసరమైతే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాం. ఆ గదిలో విన్నది కోర్టుకి కూడా చెప్పం. కుదిరిందో కుదరలేదో మాత్రం రాసి పంపుతాం. ఇందుకోసం మాకు 40 గంటల శిక్షణ ఇస్తారు. ఇక్కడ రాస్తున్న కేసు మాత్రం ఆ 40 గంటల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటి నాకు నేర్పింది. అందుకే రాస్తున్నాను.

ఊరు, వయసులు, కొలతలు, ఉద్యోగాలు మార్చాను. ఇద్దరి అనుమతీ తీసుకున్నాను. పేర్లు అక్కర్లేదు, అన్న, తమ్ముడు అంటే చాలు.

నేపథ్యం

డెల్టాలో ఐదెకరాల మాగాణి. తండ్రి బతికుండగానే పెద్దమనుషుల సమక్షంలో చెరో రెండున్నర పంచి ఒక కాగితం రాయించాడు. ఎగువ చెక్క అన్నకి, దిగువ చెక్క తమ్ముడికి. రోడ్డు అన్న చేనుని ఆనుకుని ఉంది. తమ్ముడి చేనుకి ఒక పక్క పంట కాలువ, మిగతా పక్కల వేరేవాళ్ల పొలాలు. తండ్రి రోజుల్లో అన్న చెక్క తూర్పు గట్టు వెంబడి ఎడ్లబండి పోయేది. అదే దారి. కాగితంలో మాత్రం దారి మాటే లేదు. అన్నదమ్ముల మధ్య దారి రాయించడమేమిటని తండ్రి అనుకుని ఉంటాడు.

అన్న చదువుకుని బడిపంతులై పట్నంలో ఇల్లు కట్టుకున్నాడు, రిటైరయ్యాక ఊరొచ్చాడు. తమ్ముడు పదో తరగతి మధ్యలో మానేసి నాగలి పట్టాడు. తండ్రి మంచాన పడ్డ మూడేళ్లూ చూసింది తమ్ముడూ, అతని భార్యా. తల్లి ఇప్పుడు అన్న దగ్గర ఉంటోంది. ఇవేవీ ప్లెయింట్‌లో, అంటే అన్న కోర్టులో వేసిన దావా కాగితంలో లేవు.

ప్లెయింట్‌లో ఉన్నది ఇంతే: నా భూమిలోంచి ప్రతివాది ట్రాక్టర్లు, వరికోత మిషన్లు తోలుతున్నాడు, ఆపమని శాశ్వత ఇంజంక్షన్ (కోర్టు నిషేధపు ఉత్తర్వు) ఇప్పించండి. తాత్కాలిక ఇంజంక్షన్ అన్నకి వచ్చింది కూడా. ఒక ఎండాకాలం ఆ దారికి అడ్డంగా తుమ్మకంప పడింది. ఆ తర్వాత నాలుగేళ్లు సార్వా, దాళ్వా రెండు పంటలూ తమ్ముడు కూలీలతో కోయించి, మోపులు తలకెత్తించి, కాలువ గట్టు మీదుగా మోయించుకున్నాడు. కూలీలు దొరకని కాలంలో అదెంత ఖర్చో వ్యవసాయం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

చట్టం ఏమంటుంది

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన మర్యాద వ్యవహారమంతా దీని చుట్టూనే తిరిగింది. ఒకరి భూమి మీద ఇంకొకరికి ఉండే దారి లాంటి హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తమ్ముడికి రెండు వాదనలున్నాయి. ఉమ్మడి ఆస్తి పంచుకున్నప్పుడు ఒకరి వాటాకి వేరే దారి లేకపోతే రెండో వాటాలోంచి దారి హక్కు వస్తుంది, దాన్ని అవసరం కొద్దీ వచ్చే హక్కు అంటాం. కాలువ గట్టు మీద మనిషి నడవచ్చు కాబట్టి వేరే దారి ఉన్నట్టే అని అన్న వాదన. రెండోది, 20 ఏళ్లు బాహాటంగా, అడ్డు లేకుండా, హక్కుగా వాడుకుంటే వచ్చేది. పంపకాలు జరిగి కేసు నాటికి 23 ఏళ్లు. కానీ ‘హక్కుగా’ అన్న మాట దగ్గరే చిక్కుంది. దారి ఇచ్చినవాడి దయ మీద, అనుమతి మీద వాడుకుంటే ఎన్నేళ్లయినా హక్కు పుట్టదు. “తమ్ముడు కదా అని పోనిచ్చాను” అని అన్న ఒక్క మాట నిరూపిస్తే చాలు, ఆ 23 ఏళ్లూ నీళ్లపాలు.

అందుకే తమ్ముడి లాయరు అతనికి మొదటి రోజే ఖరాఖండిగా చెప్పాడు: మీ అన్న పొమ్మన్నా పోవద్దు, పోతే అనుమతి తీసుకున్నట్టే.

ఈ సలహాలో తప్పేమీ లేదు. నేనైనా అదే చెప్పేదాన్ని. అయితే దీంతో ఆ ఇద్దరి మధ్య ఒకరు ఉదారంగా ఉండే దారీ, రెండోవారు దాన్ని స్వీకరించే దారీ రెండూ మూసుకుపోయాయి. కోర్టు తగాదా ముదిరేకొద్దీ మంచితనానికి కూడా సాక్ష్యంగా ఒక ధర పలుకుతుంది. ఈ కేసులో అది నాకు కళ్లకు కట్టింది.

మొదటి రెండు సిట్టింగులు

మాకు ఇచ్చే గడువు 60 రోజులు, అవసరమైతే మరో 30. సెప్టెంబరు ఆఖర్లో మొదలుపెట్టాం. మొదటి సిట్టింగులోనే నేను పంపకాల కాగితం, సర్వే పటం, అడ్వకేట్ కమిషనర్ (స్థలం చూసి రమ్మని కోర్టు పంపిన లాయరు) నివేదిక ముందు పెట్టుకుని కూర్చున్నాను. సమస్య వెడల్పు దగ్గర ఉందని నా అంచనా. ఎడ్లబండికి ఆరడుగులు చాలేది, వరికోత మిషన్‌కి 12 కావాలి. ఆ ఆరడుగుల తేడాకి ఏదో ఒక పరిహారం కుదిరిస్తే కేసు అయిపోతుందనుకున్నాను. అన్న ఎనిమిది దాకా వచ్చాడు. తమ్ముడు పన్నెండు దగ్గరే ఉన్నా, డబ్బు ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. రెండో సిట్టింగు అయ్యేసరికి పదడుగులు, ఇంత సొమ్ము అని మాట కుదిరింది. మూడో సిట్టింగులో సంతకాలు.

మూడో సిట్టింగుకి తమ్ముడు వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అన్నాడు: “ఆ దారి నాకొద్దమ్మా. మోసుకుంటాను.”

లాయరు నచ్చజెప్పబోయాడు. వినలేదు. చేతిదాకా వచ్చిన రాజీని కాలదన్నుకుంటున్నాడని ఆ క్షణంలో నాకు విసుగు పుట్టింది. ఆ విసుగుతో అక్కడే వదిలేసి ‘కుదరలేదు’ అని రాసి పంపేదాన్నే. ఆపింది ఒక్కటే: డబ్బు లెక్క అతనికి అనుకూలంగా ఉంది. లాభం కనిపిస్తున్నా మనిషి వద్దంటున్నాడంటే, మనం లెక్క వేయనిది ఏదో ఇంకొకటి అతని లెక్కలో ఉంది. అతనితో విడిగా మాట్లాడాలని అడిగాను.

నా వైపు జరిగిన తప్పు

విడిగా కూర్చున్నాక కూడా అతను చాలాసేపు నోరు విప్పలేదు. తర్వాత, నా మొహం చూడకుండా, “మీరు కూడా ఆయన్ని మాస్టారూ కూర్చోండి అన్నారు. నన్ను పేరు పెట్టి, ఇలా కూర్చో అన్నారు” అన్నాడు.

నిజం. అలాగే అన్నాను. ఒకాయన ఇస్త్రీ చొక్కాలో, కళ్లజోడుతో వచ్చాడు. రెండో ఆయన భుజాన తువ్వాలుతో వచ్చాడు. ఇద్దరికీ సమానంగా ఉండాలని నేర్చుకున్న నా నోరు, నాకు తెలియకుండానే ఒకరికి మన్ననా, ఒకరికి ఏకవచనమూ పంచింది. రెండు సిట్టింగుల్లోనూ.

ఏం చేయాలన్నది నాకక్కడ ఒక నిర్ణయం. “అలా అనిపించిందా, నా ఉద్దేశం అది కాదు” అని దాటవేయవచ్చు. మనలో ఎక్కువమంది అలాగే దాటేస్తాం. అది క్షమాపణలా వినిపిస్తుంది గానీ, తప్పు నీ చెవిదే అని చెబుతుంది. నేను అలా అనకూడదనుకున్నాను. “అన్నానండి. ఆయన్ని ఒకలా, మిమ్మల్ని ఒకలా పిలిచాను. తప్పు చేశాను. ఇక చేయను” అన్నాను. అంతే. కారణాలు చెప్పలేదు.

అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని, అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు.

దారి వెనక ఉన్న శుభలేఖ

అన్న కూతురి పెళ్లి. కంప పడింది ఆ పెళ్లి జరిగిన నెలకి. పెళ్లికి వారం ముందు శుభలేఖ తమ్ముడి ఇంటికి వచ్చింది. తెచ్చింది కారు డ్రైవరు. ఇంట్లో ఎవరూ లేకపోతే కిటికీ ఊచల మధ్య గుచ్చి వెళ్లిపోయాడు. “మా ఆవిడకి బొట్టు పెట్టి పిలవలేదమ్మా. తోటికోడలు. ఊళ్లో అందరి గుమ్మాలూ తొక్కింది, మా గుమ్మం తొక్కలేదు. కరెంటు బిల్లు పడేసినట్టు పడేసి పోయారు. నేను ఎత్తుకు పెంచిన పిల్ల పెళ్లి అది.” వాళ్లు పెళ్లికి వెళ్లలేదు.

తెలుగు ఇళ్లలో పిలుపు అంటే ఏమిటో తెలియనివాళ్లకి ఇది చిన్న సంగతిలా కనిపించవచ్చు. గడప దాటి వచ్చి, కుంకం భరిణె తీసి, బొట్టు పెట్టి “తప్పకుండా రావాలి” అంటే అది పిలుపు. కార్డు అందడం పిలుపు కాదు, కబురు. దగ్గరివాళ్లకి కబురు మాత్రమే అందితే, నువ్వు దగ్గరివాడివి కావు అని ఊరందరి ముందూ చెప్పినట్టే.

అన్నని విడిగా కలిశాను. తమ్ముడు చెప్పినదేదీ చెప్పకుండా, పెళ్లి గురించి మాత్రం అడిగాను. ఆయన గొంతు మారిపోయింది. “పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తుంటే నా వెనక నిలబడడానికి నా తోడబుట్టినవాడు లేడు. వియ్యాలవారు అడిగారు, మీ తమ్ముడుగారు ఏరీ అని. ఏం చెప్పను?” పెళ్లికి ముందు వారం ఆయన బీపీ పెరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. భార్య ఆయన దగ్గరే ఉంది. ఊళ్లో పిలుపులన్నీ అంతకు ముందే అయిపోయాయి. తమ్ముడి ఇల్లు కావాలనే ఆఖరికి ఉంచుకున్నారు, తీరిగ్గా వెళ్లి ఓ పూట ఉండి రావచ్చని. “వాడికి పిలుపేమిటి, వాడి ఇంటి పెళ్లే కదా అనుకున్నానమ్మా.”

ఒకరు ఇంటివాడికి పిలుపెందుకు అనుకున్నారు. ఇంకొకరు ఇంటివాడినే పిలవలేదే అనుకున్నారు. నాలుగేళ్ల కేసు, రెండు వైపులా లాయరు ఫీజులు, ఎనిమిది పంటల మోత కూలి అన్నీ ఈ రెండు వాక్యాల నడుమ పడ్డాయి.

ఆసుపత్రి సంగతి తమ్ముడికి చెప్పనా అని అడిగాను. వద్దన్నాడు. “ఇప్పుడు చెబితే సాకులా ఉంటుంది.” విడిగా చెప్పినది చెప్పినవారి అనుమతి లేకుండా అవతలికి మోయడం మాకు నిషిద్ధం. ఒక్క మాటతో తెగిపోయే ముడి చేతిలో పట్టుకుని ఊరుకోవడం కష్టంగానే ఉంది, కానీ ఊరుకున్నాను.

విఫలమైన క్షమాపణ

ఇక్కడ నేను రెండో పొరపాటు చేశాను, మొదటి దానికన్నా పెద్దది. కారణం దొరికింది కదా అని, మందు కూడా దొరికిందనుకున్నాను. పిలుపులో లోపం జరిగిందని అన్న ఒక్క మాట అంటే చాలని ఆయన్ని ఒప్పించాను. నిజానికి బతిమాలాను. ఆయన పెద్దగా ఇష్టం లేకుండానే సరేనన్నాడు. అందర్నీ కూర్చోబెట్టాను. తమ్ముణ్ని ఈసారి పేరు చివర ‘గారు’ చేర్చి పిలిచాను.

అన్న లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు. “పెళ్లి పిలుపుల్లో మా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించండి” అన్నాడు.

గదిలో ఒక్క క్షణం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తమ్ముడు నా వైపు తిరిగాడు. “చూశారామ్మా? నన్ను అండి అంటున్నాడు” అన్నాడు. గొంతు పూడుకుపోయింది. తువ్వాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

యాభై ఏళ్లు ‘ఒరేయ్’ అని పిలిచిన నోరు ‘మన్నించండి’ అంటే అది వినయం అవుతుందా? మన భాషలో బహువచనం మర్యాదే, కానీ ఆ మర్యాద దూరం కొలుస్తుంది. కొత్తవారికి అది గౌరవం. ఒక కంచంలో తిన్నవాడికి అది వెలి. ఇక ‘జరిగి ఉంటే’ అన్న షరతు ఉండనే ఉంది. తర్వాత అన్నని అడిగితే ఆయన నిజంగానే తెల్లబోయాడు. “కోర్టు కదా, నలుగురి ముందూ మర్యాదగా మాట్లాడదామనుకున్నాను.” వెటకారం చేయలేదు. ఆయనకి ఆ మాటలో దూరం వినిపించలేదు, అంతే.

ఎక్కడ బెసికింది? చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. ఆ క్షమాపణ నా అవసరం కోసం పుట్టింది. ఎవరో అడిగి ఇప్పించిన క్షమాపణ జరిమానా లాంటిది. కట్టినవాడికి భారం, పుచ్చుకున్నవాడికి రసీదు. తమ్ముడికి రసీదు అక్కర్లేదు. తన గుమ్మంలోకి ఎవరో తమంతట తాము రావడం కావాలి. దాన్ని నేను ఏర్పాటు చేయలేను, ఏర్పాటు చేస్తే అది అది కాకుండా పోతుంది.

అప్పటికి నవంబరు వచ్చింది. పొడిగించిన గడువులో కొన్ని వారాలే మిగిలాయి.

పనిచేసింది

క్షమాపణ ఊసు మళ్లీ ఎత్తకూడదని నిర్ణయించుకున్నాను. పెళ్లి ఊసు కూడా. ఇద్దరి మధ్యా ఏదో ఒకటి జరగాలంటే అది ఇద్దరికీ చేతనైన భాషలో జరగాలి. వాళ్లకి మాటలు చేతకావని తేలిపోయింది. చేను చేతనవును.

బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తలు మొదలయ్యాయి. మా వైపు కోతల ముందు ఆ మాట వింటే ఎవరికీ అన్నం సయించదు. అన్నని విడిగా పిలిచి, దారి గురించీ హక్కు గురించీ ఏమీ అనకుండా, ఒక్కటే అడిగాను: “ఈ పంట సంగతేమిటి మాస్టారూ?”

చాలాసేపు బల్ల మీద వేలితో గీతలు గీస్తూ ఉండిపోయాడు. తర్వాత అడిగాడు: “వాడు ఏం వేశాడు?”

“స్వర్ణ అట.”

“స్వర్ణయితే ఇంకా పది రోజులు” అని లెక్క కట్టాడు. కూలీలతో కోసి మోయాలంటే వారం పైనే పడుతుంది, వాన ఈలోపే వస్తుంది. చేను పడిపోయి నీళ్లలో నానితే ఏమవుతుందో రైతు బిడ్డకి ఎవరూ చెప్పక్కర్లేదు. “కేసు సంగతి కేసుది, పంట సంగతి పంటది. మిషను తోలుకోమనండి” అన్నాడు. కాసేపాగి, “నేను పొమ్మన్నానని మాత్రం అనకండి. పొమ్మంటే వాడు పోడు” అన్నాడు.

తమ్ముణ్ని ఆయన ఎంత ఎరుగునో నాకు అప్పుడు అర్థమైంది. పోడు. పంతం ఒక కారణం, లాయరు హెచ్చరిక రెండో కారణం. ఉపకారాన్ని పుచ్చుకుంటే తమ్ముడి 23 ఏళ్ల హక్కు గోవిందా. అంటే అన్న మంచితనం నిజంగా మంచితనం కావాలంటే, దాని వల్ల కోర్టులో తనకొచ్చే లాభాన్ని కూడా ఆయన వదులుకోవాలి. ఇది ఆయనకి దాచకుండా చెప్పాను. మీ లాయరుతో మాట్లాడుకోండి, నేను తొందరపెట్టను అన్నాను. క్షమాపణ విషయంలో తొందరపెట్టి చెడగొట్టిన చెయ్యి నాది. ఆయన లాయరు వద్దన్నాడు, చేతిలో ఉన్న తురుపు ముక్క ఎందుకు పారేసుకుంటారన్నాడు. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, కాగితం రాయండి అన్నాడు.

ఇద్దరు లాయర్లూ కలిసి జాయింట్ మెమో రాశారు. ఈ సార్వా కోతకి ప్రతివాది యంత్రాలు తూర్పు గట్టు వెంబడి వెళ్తాయి, ఇందువల్ల ఎవరి హక్కుకీ భంగం లేదు, దీన్ని అనుమతిగా గానీ ఒప్పుకోలుగా గానీ ఎవరూ కోర్టులో వాడుకోకూడదు. ‘అనుమతించడమైనది’ అన్న మాట మొదటి ప్రతిలో ఉంటే కొట్టేయించాను. ‘వెళ్తాయి’ అని రాశాం. ఎవరు ఇచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో ఆ వాక్యంలో కనబడదు. తమ్ముడు రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాడు. మొహంలో ఏమీ కనబడలేదు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. తమ్ముడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“మిషను మాట్లాడుకుని, తెల్లారకముందే చేనుకెళ్లానమ్మా. గట్టు పక్కన ఆయన చేను కోతకి నిలబడి ఉంది కదా, మిషను పోతే తొక్కిపోతుంది, ఆ నష్టం లెక్క కట్టి ఇచ్చేద్దాం అనుకుంటూ వెళ్లాను. వెళ్లేసరికి బాట కోసి ఉంది. 12 అడుగులు, కొలిచినట్టు, ఈ చివర్నించి ఆ చివరిదాకా. కొడవళ్లతో కోయించాడు. ఇంకా పచ్చి మీదే ఉంది ఆయన చేను, నాలుగు రోజులు ఆగాల్సింది. పనలు అటు పక్కకి వరసగా వేయించాడు, చక్రం కింద పడకుండా. కంప తీయించి కాలువ గట్టున పెట్టించాడు. చుట్టూ చూశాను. మనిషి లేడు.”

“మనిషి లేడు” అని రెండోసారి కూడా అన్నాడు. నేను ఈ కేసులో నేర్చుకున్నదంతా ఆ రెండు మాటల్లో ఉంది. అన్న అక్కడ నిలబడి ఉంటే తమ్ముడు ఏదో ఒకటి అనాల్సి వచ్చేది. కృతజ్ఞత చెప్పాలి, లేదా చెప్పకుండా మొండికేయాలి. చేసిన మేలు చూసుకోవడానికి రాకపోవడం వల్ల తమ్ముడికి తలదించుకోవాల్సిన పని లేకుండా పోయింది.

వాన కోత అయిన రెండో రోజు రాత్రి మొదలైంది.

నెల తిరక్కుండానే తమ్ముడి భార్య కొత్త బియ్యం బస్తా రిక్షా బండి మీద వేయించుకుని అన్న ఇంటికి వెళ్లింది. “అత్తయ్యకి కొత్త బియ్యం” అని గుమ్మంలో చెప్పిందట. అత్తగారి పేరు మీద వెళ్లడంలో ఆవిడ నేర్పు చూడండి. బావగారికి బదులు తీర్చినట్టు కాదు, గెలిచినట్టూ కాదు, ఓడినట్టూ కాదు. తోటికోడలు లోపలికి తీసుకెళ్లి కాఫీ ఇచ్చింది. వెళ్లేటప్పుడు పీట వేసి కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, రవికెల గుడ్డ, పళ్లు చేతిలో పెట్టింది. నాలుగేళ్ల కిందట పెట్టాల్సిన బొట్టు అది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

ఆఖరి సిట్టింగు

డిసెంబరులో, గడువు ముగిసే ముందు, మళ్లీ అందరం కూర్చున్నాం. నేనేదో ప్రారంభించబోతుంటే అన్న తమ్ముడి వైపు తిరిగి, “ఏరా, మిషను వాడు గంటకెంత తీసుకున్నాడు?” అన్నాడు.

తమ్ముడు రేటు చెప్పాడు. “ఎక్కువ తీసుకున్నాడు వెధవ” అన్నాడు అన్న. నేను కాగితాలు సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను. నా కళ్లు నిండాయి.

ఆ తర్వాత మాటలు అరగంట పట్టలేదు. ఒక్క చోట మాత్రం కల్పించుకోవాల్సి వచ్చింది. 12 అడుగుల దారి ఉట్టినే ఇచ్చేస్తానని అన్న పట్టుబట్టాడు. తమ్ముడి మొహం మళ్లీ బిగుసుకోవడం కనిపించింది. అన్నని పక్కకి పిలిచి, మీరు ఇచ్చారు, ఇప్పుడు ఆయన్ని కూడా ఇవ్వనివ్వండి అన్నాను. ఎప్పుడూ ఇచ్చే చోటే కూర్చుంటే అవతలివాడు ఎప్పుడూ పుచ్చుకునే చోటే ఉండిపోతాడు. ఆయన ఉపాధ్యాయుడు, వెంటనే గ్రహించాడు. 12 అడుగుల వెడల్పు, 330 అడుగుల పొడవు, లెక్కకి తొమ్మిది సెంట్ల పైచిలుకు. అంత నేలా తమ్ముడు తన చెక్కలో ఉమ్మడి గట్టు వెంబడి అన్నకి ఇచ్చాడు. అంటే గట్టు దిగువకి దాదాపు 12 అడుగులు జరిగింది. తమ్ముడి తొమ్మిది సెంట్లు దావాలో లేని భూమి కాబట్టి, రాజీ డిక్రీ (రాజీ షరతుల మీద కోర్టు ఇచ్చే తీర్పు) ఒక్కటే సరిపోదు. వేరుగా మార్పిడి దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాం. సర్వేయరు కొలిచి రాళ్లు వేయించాడు. ఈసారి దారి సంగతి కాగితంలో రాసుకున్నారు, కొలతలతో సహా. ప్రేమ ఉందని రాయకుండా వదిలేయడం వల్ల ఏమైందో ఇద్దరూ చూశారు.

తర్వాతి కేసులకి నేను తీసుకెళ్తున్నవి

పెద్దమనసు చూపించమని ఎవరిని అడగవచ్చు అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అయింది. ఇక్కడ అన్న చేతిలో ఇంజంక్షన్ ఉంది, రోడ్డు ఉంది, పెద్దరికం ఉంది. పై చేయి ఉన్నవాడు కాస్త తగ్గితే అది ఔదార్యం. కింద ఉన్నవాణ్ని తగ్గమంటే అది సర్దుకుపొమ్మనడం. మా కేంద్రానికి భర్త కొట్టాడని వచ్చే ఆడవాళ్ల కేసులు కూడా వస్తాయి. వాళ్లతో “నువ్వే పెద్దమనసు చేసుకో అమ్మా” అని పెద్దలు అనడం నా చెవులతో విన్నాను. ఆ మాట ఈ కేస్ స్టడీ చదివి ఎవరైనా అంటే నేను రాసింది వ్యర్థం. అక్కడ మొదట కావాల్సింది రక్షణ.

వాన రాకపోతే ఇదంతా జరిగేదా? ఇంత త్వరగా జరిగేది కాదనే అనుకుంటున్నాను. వాన నా గొప్ప కాదు. నేను చేసిందల్లా అవకాశం వచ్చినప్పుడు అడ్డంగా నిలబడకపోవడం, మెమోలో ఒక మాట కొట్టేయించడం. అయితే ఆ ఒక్క మాట ఉండి ఉంటే తమ్ముడు సంతకం పెట్టేవాడు కాదు. మర్యాద ముసాయిదాలో కూడా ఉంటుందని లాయర్లకి నేను చెప్పదలుచుకున్నాను. ‘అనుమతించడమైనది’, ‘అంగీకరించి ఒప్పుకున్నాడు’, ‘ఇకపై అలా చేయనని హామీ ఇచ్చాడు’ లాంటివి మనం అలవాటుగా రాసేస్తాం. వాటిలో చాలా వాటికి చట్టపరమైన అవసరం లేదు. అవి తీసేసినా డిక్రీ బలం తగ్గదు, సంతకం పెట్టే మనిషికి మాత్రం చాలా తేడా ఉంటుంది.

తమ్ముడికి ఆసుపత్రి సంగతి ఎప్పటికైనా తెలిసిందా అని నన్ను జూనియర్లు అడుగుతుంటారు. నేను చెప్పలేదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు.

ఇప్పుడు ఏ కుటుంబ తగాదా వచ్చినా మొదటి రోజు, విడివిడిగా కూర్చున్నప్పుడు, ఒక ప్రశ్న అడుగుతున్నాను: “బాగున్న రోజుల్లో మీరు ఆయన్ని ఏమని పిలిచేవారు?” జవాబు ఫైలు అట్ట లోపలి వైపు పెన్సిలుతో రాసి పెట్టుకుంటాను. ఒరేయ్. పెద్దక్కా. చిన్నాన్నా. బుజ్జీ. కొందరు ఆ పదం పలకడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ ఎదురుచూస్తాను.